ఉక్కపోతకి ఓర్వని ముసలి అతిథి



మన కోనసీమలో రాజోలు నుంచి కొత్తపేట దాకా ఏ ఊరు తీసుకున్నా, కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇల్లు వీధికొకటి తగులుతుంది. పెద్దవాళ్ళు ఆర్నెల్లకని వెళ్తారు, మనవల్ని ఆడించి వస్తారు. అలా వెళ్ళొచ్చిన ఒక పెద్దాయన ఆ మధ్య నన్ను అడిగారు. "మా అమ్మాయి ఇంట్లో మనిషెత్తు పంజరం ఉందండి. అందులో బూడిదరంగు జంతువొకటి. పగలంతా నిద్ర. మనం పడుకోబోయే వేళకి దానికి తెల్లవారుతుంది. పన్నెండేళ్ళదట. ఎవరో వద్దని వదిలేస్తే షెల్టర్ నుంచి తెచ్చుకున్నారు. పిల్లని తెచ్చుకోక ముసలిదాన్ని తేవడం ఏవిటమ్మా అంటే, నీకు తెలీదులే నాన్నా అంటుంది. పైగా వచ్చే ఏడు ఇండియా వచ్చేస్తారట, దాన్నీ అమలాపురం తెస్తారట. మన కొబ్బరితోటలో హాయిగా ఉండదంటారా?"

ఆ జంతువు పేరు చించిల్లా. ముసలిదాన్ని తెచ్చుకోవడం మంచిపనేనా అంటే, ముమ్మాటికీ మంచిపనే. కొబ్బరితోటలో హాయిగా ఉంటుందా అంటే, ఉండదు. ఊరికే ఉండదంటే ఆయనకి నచ్చలేదు, మీకూ నచ్చదు. కాబట్టి అది ఎక్కడిదో ముందు చెప్తాను.

చూడని వాళ్ళ కోసం దాని రూపం. కుందేలుకీ ఉడతకీ పుట్టిన బిడ్డలా ఉంటుంది. గుండ్రటి పెద్ద చెవులు, నల్లటి కళ్ళు, పొడుగాటి మీసాలు, కుచ్చు తోక. బరువు అరకిలోకి అటూ ఇటూ. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలు దాని పుట్టిల్లు. చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా, ఈ నాలుగు దేశాల మధ్య రాళ్ళ సందుల్లో గుంపులుగా బతికేది. వాన తక్కువ, గాలి పొడి, రాత్రుళ్ళు గడ్డకట్టే చలి. ఆ చలికి తట్టుకోవడానికే దానికి అంత బొచ్చు. ఒక్కో కుదురు నుంచి యాభై, అరవై, అంతకంటే ఎక్కువ వెంట్రుకలు మొలుస్తాయి. ఇంత ఒత్తుగా బొచ్చున్న నేల జంతువు మరొకటి దొరకడం కష్టం.

ఆ బొచ్చే దాని కొంప ముంచింది. యూరప్, అమెరికా దొరసానుల కోట్ల కోసం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వీటిని లక్షల లెక్కన చంపారు. ఒక్క పొడవాటి కోటుకి వందకు పైగా తోళ్ళు కావాలి మరి. 1910 నాటికి ఆ నాలుగు దేశాలూ ఒప్పందం చేసుకుని వేట ఆపాలని చూశాయి. అప్పటికే అడవిలో మిగిలినవి బహు కొద్ది. ఇప్పటికీ పొట్టి తోకది, పొడుగు తోకది, రెండు జాతులూ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనే ఉన్నాయి. చిలీలో ఇయపెల్ అనే ఊరి దగ్గర 1983లో వీటి కోసమే ఒక రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు.

మరి అమెరికా ఇళ్ళలోకి ఎలా వచ్చింది? మాథియాస్ చాప్‌మన్ అనే గని ఇంజనీరు చిలీలో ఉద్యోగం చేస్తూ వీటి మీద మనసు పడ్డాడు. మనుషుల్ని పెట్టి ఏళ్ళ తరబడి వెతికిస్తే దొరికినవి పట్టుమని డజను లేవు. ఇప్పుడు చెప్పబోయేది గుర్తుపెట్టుకోండి. ఆ కొద్ది వాటిని కొండ మీద నుంచి ఒక్కసారిగా కిందికి దించలేదు. కొంత దించడం, ఆగడం, అలవాటు పడనివ్వడం, మళ్ళీ కొంత దించడం. ఓడలో బోన్ల పక్కన మంచుగడ్డలు పెట్టి చల్లబరుస్తూ 1923లో కాలిఫోర్నియా చేర్చాడు. అమెరికాలో పెంపుడు చించిల్లాలు దాదాపు అన్నీ ఆ పదకొండు జంతువుల సంతానమేనంటారు. అతను తెచ్చింది ప్రేమకొద్దీ మాత్రమే కాదు, బొచ్చు వ్యాపారానికీ. పెంపుడు జంతువు కావడం తర్వాతి ముచ్చట. ఏదైతేనేం, వందేళ్ళ కిందట దాన్ని బతికించింది మంచుగడ్డ. ఇవాళ బతికిస్తున్నది ఏసీ.

ఇక వదిలేయడం సంగతి. పెంపుడు ఎలకలు రెండు మూడేళ్ళు బతుకుతాయి. చించిల్లా అలా కాదు. పది నుంచి ఇరవై ఏళ్ళు సునాయాసంగా బతుకుతుంది. గిన్నిస్ పుస్తకంలోకెక్కిన కాలిఫోర్నియా చించిల్లా 29 ఏళ్ళ 229 రోజులు బతికింది. అంటే మన ఇంటి కుక్కలకి రెండు జీవితకాలాలు. పదేళ్ళ పిల్ల మారాం చేసిందని కొంటారు. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళిపోతుంది, ఇల్లు మారతారు, ఉద్యోగం మారుతుంది, ఇంట్లో ఎవరికో బొచ్చు పడదు, రాత్రుళ్ళు చప్పుడుకి నిద్ర పట్టదు. జంతువు మాత్రం ఇంకా మధ్య వయసులోనే ఉంటుంది. అప్పుడు షెల్టర్‌కి ఇచ్చేస్తారు. షెల్టర్‌కి వచ్చినవాళ్ళు ముందు పిల్లల్నే అడుగుతారు. పదేళ్ళు దాటినవి మూల బోనులో నెలల తరబడి ఉండిపోతాయి.

అందుకే ఆ అమ్మాయి చేసింది మంచిపని అన్నాను. జాలి ఒక్కటే కారణం కాదు, ఇందులో లాభమూ ఉంది. కుర్ర చించిల్లా మనిషిని నమ్మడానికి నెలలు పడుతుంది, కొన్ని ఎప్పటికీ నమ్మవు. ముసలిదాని స్వభావం ఈపాటికి తేలిపోయి ఉంటుంది. చేతిలోకి వస్తుందా రాదా, కరుస్తుందా, తోడు కోరుకుంటుందా, ఒంటరిగా ఉండటమే ఇష్టమా, ఇవన్నీ షెల్టర్ వాళ్ళు ముందే చెప్పగలరు. ముసలిది కదా, తెచ్చిన ఏడాదికే పోతుందేమో అని వెనకాడేవాళ్ళకి ఒక మాట: పన్నెండేళ్ళ చించిల్లా మరో అయిదారేళ్ళు బతికితే వింతేమీ కాదు.

దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచకూడదంటారు. ఇక్కడ మాత్రం ఎంచి తీరాలి. మన సంతలో పశువు నోరు తెరిచి రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని వయసు కట్టేస్తారు. చించిల్లాకి ఆ లెక్క పనిచేయదు, ఎందుకంటే దాని పళ్ళు చనిపోయేదాకా పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళూ దవడ పళ్ళూ అన్నీ. ముందు పళ్ళయితే ఏడాదికి రెండు మూడు అంగుళాలు పెరుగుతాయి. గట్టి గడ్డి గంటల తరబడి నమిలితే పైన అరుగుతాయి, కింద పెరుగుతాయి, లెక్క సరిపోతుంది. మెత్తటి తిండి పెట్టి ఏళ్ళ తరబడి పెంచినదానికి ఈ లెక్క తప్పుతుంది. దవడ పళ్ళు వంకర పోయి నాలుకనీ బుగ్గనీ కోస్తాయి, వేళ్ళు కంటి వైపు తోసుకొస్తాయి. పైకి చూస్తే ముందు పళ్ళు బాగానే కనిపిస్తాయి, లోపల ఏం జరుగుతోందో ఎక్స్-రే తీస్తేగాని తెలియదు. ముందు పళ్ళు లేత నారింజ రంగులో ఉండటం ఆరోగ్యమే. గార పట్టిందని తోమబోకండి.

షెల్టర్ నుంచి తెచ్చుకునే ముందు అడగాల్సింది ఇది: చివరి పళ్ళ పరీక్ష ఎప్పుడు జరిగింది? ఎక్స్-రే ఉందా? గుండె చప్పుడులో తేడా ఏమైనా విన్నారా? బరువు ఆరు నెలల కిందట ఎంత, ఇప్పుడెంత? ఇంతకాలం ఏ గడ్డి, ఏ గుళికలు తింది? ఈ చివరి ప్రశ్న చిన్నదనిపిస్తుంది గాని, తిండి ఒక్కసారిగా మారిస్తే ముసలి కడుపు తట్టుకోదు. పాత తిండి ఒక సంచీ తెచ్చుకుని, రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా కొత్తది కలుపుతూ మార్చాలి. ఇంట్లో మరో చించిల్లా ఉంటే కొన్ని వారాలు వేరే గదిలో ఉంచాలి. ముసలిది కదా, తోడుగా ఉంటుందని తెచ్చిన రోజే ఒకే బోనులో పడేస్తే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి.

ఇప్పుడు అసలు శ్రోతల దగ్గరికి వస్తాను. అమెరికాలో పగలంతా ఆ ఇంట్లో ఎవరుంటారు? కూతురూ అల్లుడూ ఆఫీసుకి, మనవలు బడికి. మిగిలింది మన కోనసీమ నాన్నగారు, అమ్మగారు, ఆ ముసలి చించిల్లా. కాబట్టి ఆర్నెల్లపాటు దాని సంరక్షణ నిజానికి మీ చేతిలోనే ఉంటుంది. ఆ పనికి తెలివి కంటే కూడా గమనించే అలవాటు కావాలి. ఆ అలవాటు పాడి ఉన్న ఇళ్ళల్లో పుట్టిపెరిగిన మనకి ఒకరు నేర్పనక్కర్లేదు.

పొద్దున్నే పెంటికలు చూడండి. సంకోచించాల్సిన పని లేదు, గేదె పేడ చూసి ఒంట్లో ఎలా ఉందో చెప్పినవాళ్ళమే కదా. బియ్యపు గింజ కంటే కొంచెం లావుగా, గట్టిగా, నిండుగా, లెక్కకు మించి ఉంటే అంతా బాగున్నట్టు. చిన్నవైపోయినా, తగ్గిపోయినా, మెత్తబడినా కడుపు మందగించినట్టు. చించిల్లా వాంతి చేసుకోలేదు. దాని పేగు ఆగకుండా కదులుతూ ఉండాలి. ఒక పూట పూర్తిగా తినకపోతే, రేపు చూద్దాంలే అనకూడదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గడ్డం కింద బొచ్చు తడిసి అట్టలు కట్టిందంటే చొంగ కారుతోందన్నమాట, అది పంటి జబ్బు. ఒక కన్ను అదేపనిగా చెమ్మగిల్లుతుంటే అదీ పంటి వేరు పనే కావచ్చు. గుళికలు నోట్లో పెట్టుకుని వదిలేస్తుంటే ఆకలి ఉంది, నమలలేకపోతోంది అని అర్థం.

వారానికోసారి వంటింటి త్రాసులో తూచి, తేదీ వేసి రాయండి. ఆ బొచ్చులో ఒళ్ళు కనిపించదు. ఎముకలగూడు అయిపోయినా పైకి బొద్దుగానే ఉంటుంది. చేతికి తెలియని యాభై గ్రాములు త్రాసుకి తెలుస్తాయి. అరకిలో జంతువుకి యాభై గ్రాములంటే ఒంట్లో పదో వంతు.

తిండి దగ్గరే మనవాళ్ళతో భయం. ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టి పెట్టి చంపే సీమ మనది. అమెరికా వెళ్ళేటప్పుడు సంచీల్లో ఆత్రేయపురం పూతరేకులు, ఎండుకొబ్బరి, జీడిపప్పు వెళ్తాయి. ఆ నల్లటి కళ్ళు వేసుకుని చువ్వల్లోంచి చూస్తుంటే ఒక ముక్క పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టకండి. కొబ్బరిలో, జీడిపప్పులో ఉన్న కొవ్వుని దాని ఒళ్ళు అరిగించుకోలేదు. పూతరేకులో బెల్లం, చక్కెర దాని కడుపులో గ్యాసు కట్టిస్తాయి. కిస్మిస్ కూడా వద్దు. దాని తిండి చాలా పేదగా ఉంటుంది: రోజంతా ఎదురుగా ఎండుగడ్డి, రోజుకి చెంచా రెండు చెంచాల గుళికలు, సీసాలో శుభ్రమైన నీళ్ళు. అక్కడ తిమోతి అనే గడ్డి కట్టలుగా అమ్ముతారు. ముసలిదానికి ముదురు కాడలు నమలడం కష్టమైతే అందులోనే మెత్తటి కోత ఉంటుంది, అది వేయాలి. పళ్ళు బాగా పాడైనవాటికి డాక్టరు చెప్పిన గడ్డిపొడి నీళ్ళలో కలిపి సూది తీసేసిన సిరంజితో పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టాలి. పసిబిడ్డకి ఉగ్గు పట్టిన చేతులకి ఇది కొత్త కాదు. గబగబా తోస్తే మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మందుల మాట. జలుబు చేసిందనో పుండు పడిందనో మన పెట్టెలో ఉన్న అమాక్సిసిలిన్ బిళ్ళ చిదిపి పట్టకండి. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా వెళ్తే దాని కడుపులో గడ్డిని అరిగించే సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి, ఆపైన జంతువే పోతుంది. క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే. మనిషికి పనిచేసింది దానికి విషం. చిన్న జంతువుల మీద అనుభవం ఉన్న డాక్టరు చెప్తే తప్ప ఏదీ వేయకూడదు.

స్నానం విషయంలో నవ్వొస్తుంది గాని నిజం: దానికి నీళ్ళు పోయకూడదు. అంత ఒత్తు బొచ్చు తడిస్తే మొదలంటా ఆరదు, బూజు పడుతుంది, చలి చేస్తుంది. అది మట్టిలో దొర్లి ఒళ్ళు శుభ్రం చేసుకుంటుంది. అగ్నిపర్వతపు బూడిదంత మెత్తటి ప్రత్యేకమైన పొడి అమ్ముతారు. వారానికి రెండు మూడు సార్లు, పది పదిహేను నిమిషాలు గిన్నెలో పెడితే గిరగిరా దొర్లుతుంది. ఆ దృశ్యం చూడాల్సిందే, మనవల చేత టీవీ కట్టించేస్తుంది. ముసలిదానికి కళ్ళు మండుతున్నా, ఆయాసం ఉన్నా ఆ పొడి తగ్గించాలి. గోదారి ఇసుక ముతక, బొచ్చు కోసేస్తుంది. ఒంటికి రాసుకునే పౌడరు ఊపిరికి చేటు.

పంజరం ఎత్తు ముసలితనంలో శత్రువు. కుర్రతనంలో ఆరడుగులు ఎగిరినది, కీళ్ళు పట్టేశాక, కళ్ళకి శుక్లాలు కమ్మాక, పాత అలవాటు కొద్దీ ఎగిరి కింద పడుతుంది. పై అరలు తీసేసి, మెట్టుకీ మెట్టుకీ జానెడు దూరంలో కిందనే అమర్చాలి. తీగల నేల మీద కాళ్ళు పుండ్లు పడతాయి, చెక్కో మందపాటి గుడ్డో పరవాలి. చూపు తగ్గినదానికి గిన్నె, సీసా, గూడు రోజూ ఉన్నచోటే ఉండాలి. ఇల్లు సర్దే సరదా ఉన్న అమ్మగార్లకి ఇది మనవి. పట్టుకునేటప్పుడు రెండు చేతులూ పొట్ట కింద వేసి ఎత్తాలి. భయపడితే పట్టుకున్నచోట బొచ్చు గుప్పెడు ఊడొచ్చేస్తుంది, శత్రువు నోట్లో బొచ్చు వదిలి పారిపోవడం దానికి పుట్టుకతో వచ్చిన ఉపాయం. పిల్లలు పరుగెత్తి పట్టుకుంటే ఇదే జరుగుతుంది.

ఇక కొబ్బరితోట ప్రశ్న.

చించిల్లాని పెంచేవాళ్ళకి ఒక బండ లెక్క ఉంది. గది వేడిని ఫారన్‌హీట్ డిగ్రీల్లో తీసుకోండి, గాల్లో తేమ శాతాన్ని దానికి కలపండి. మొత్తం 150 దాటితే ప్రమాదం. దీనికి తోడు వేడి 25 సెల్సియస్, అంటే 77 ఫారన్‌హీట్ దాటకూడదు. ఇప్పుడు మన దగ్గర లెక్కేయండి. మే నెలలో 100 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ అనుకుంటే 160. సముద్రం వైపు అంతర్వేది, ఓడలరేవు దగ్గర తేమ ఇంకా ఎక్కువ. పోనీ సంక్రాంతి ముందు చల్లటి రోజుల్లో? మధ్యాహ్నం 82 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న రోజు కూడా 152. అంటే మనం శాలువా కప్పుకునే నెలలో కూడా మధ్యాహ్నానికి దానికి గండమే. మనకి చెమట పడుతుంది, ఫ్యాను గాలికి ఆ చెమట ఆరి చల్లబడతాం. దానికి చెమట లేదు, కాబట్టి ఫ్యాను వల్ల ఉపయోగమూ లేదు. ఒంటి వేడి పోవడానికి ఉన్న ముఖ్యమైన దారి ఆ పెద్ద చెవులు. చెవులు ఎర్రబడి, పక్కకి ఒరిగి ఎగరొప్పుతోందంటే వడదెబ్బ తగిలినట్టే, గంటల్లో పోతుంది. వెంటనే చల్లటి గదిలోకి మార్చి, చెవులకీ పాదాలకీ తడిగుడ్డ అద్దుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఐసు నీళ్ళలో ముంచితే ఆ అదురుకే ప్రాణం పోవచ్చు. ముసలిదానికి గుండె కూడా బలహీనం కాబట్టి కుర్రదాని కంటే ముందే పడిపోతుంది.

"మా ఇంట్లో ఏసీ ఉందండి" అన్నారు ఆ పెద్దాయన. ఉంటుంది. ఏడాదిలో 365 రోజులూ, రాత్రీ పగలూ వెయ్యాలి. కరెంటు పోతే? వానాకాలం గాలికి కొబ్బరిమట్ట తీగల మీద పడితే లైన్‌మన్ వచ్చేదాకా కూర్చోవడం మనకి అలవాటు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను తర్వాత కోనసీమలో కరెంటు ఎన్నాళ్ళకి వచ్చిందో ఆ వయసు వాళ్ళని అడగండి. 1986 ఆగస్టు, 2022 జులై వరదల్లో లంకల జనం పశువుల్ని గట్టు ఎక్కించడానికి ఎంత అవస్థ పడ్డారో తెలుసు కదా. గేదె గట్టు మీద నిలబడి వానలో తడిసినా బతికింది. తడవకూడని, వేడెక్కకూడని జంతువుని పడవలో ఎక్కడికి తీసుకెళ్తారు?

తిండి సంగతీ అంతే. మన గరిక నీడన ఆరబెట్టి వేస్తే అది తింటుంది, గరిక మంచి గడ్డే. కానీ ఈ గాలిలో ఆరబెట్టిన గడ్డి నాలుగు రోజులకే ముక్కిపోతుంది, ముక్కిన గడ్డి దానికి ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది. వరిగడ్డి కడుపు నింపుతుంది గాని సత్తువ ఇవ్వదు. డాక్టరు విషయానికొస్తే, మన పశువుల ఆసుపత్రిలో డాక్టర్లు గేదె ఈనలేక అవస్థ పడుతుంటే అర్ధరాత్రి వచ్చి దూడని తీసేవాళ్ళు. వాళ్ళ నేర్పుకి దండం పెట్టాలి. కానీ అరకిలో జంతువుకి మత్తు ఇచ్చి దవడ పళ్ళు అరగదీయడం వేరే విద్య, వేరే పనిముట్లు. దగ్గర్లో పశువైద్య కళాశాల అంటే గన్నవరం, అంటే కృష్ణా జిల్లా గన్నవరం, మన పి.గన్నవరం కాదు. మే నెలలో అంతదూరం తీసుకెళ్ళే ప్రయాణమే దానికి ఆఖరి ప్రయాణం కావచ్చు.

చట్టం కూడా చూసుకోవాలి. విదేశీ జంతువుల వ్యాపారం మీద మన దేశం 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించింది. అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న జాతుల్ని ఇళ్ళలో పెంచేవాళ్ళు వివరాలు నమోదు చేయించాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి, పరివేష్ అనే పోర్టల్‌లో చేయాలి. అడవి చించిల్లా ఆ ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో ఉంది, తరతరాలుగా ఇళ్ళలో పుట్టిన పెంపుడు రకానికి అందులో మినహాయింపు ఉంది. మీ దగ్గరున్నది ఏదో, దానికి కాగితాలేవో అటవీశాఖ వాళ్ళని అడిగి తేల్చుకోకుండా ఓడలోనో విమానంలోనో తేకూడదు. ఇక్కడ కొనే వాళ్ళకీ అదే మాట. పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలని 2018 నుంచి నిబంధన ఉంది. ఫోనులో బొమ్మ చూపించి, బస్సులో పార్సిలు వేస్తామనే వాడి దగ్గర కొంటే మీరు రక్షించినట్టు కాదు, మరో ప్రాణిని ఈ ఎండలోకి రప్పించినట్టు.

అమెరికా నుంచి వచ్చేసే ఆ కుటుంబం దాన్ని ఏం చెయ్యాలి మరి? వదిలేయమనడం లేదు. బయల్దేరే ముందు రోజు కాదు, ఆర్నెల్ల ముందే అక్కడి స్నేహితుల్లోనో, చించిల్లాలనే చూసుకునే సంరక్షణ కేంద్రం ద్వారానో ఇల్లు వెతకాలి. బరువు రాసిన పుస్తకం, ఎక్స్-రేలు, తినే గడ్డి, దాని గూడు, అన్నీ దానితో పాటు ఇవ్వాలి. రెండోసారి ఇల్లు మారుతున్న ముసలిదానికి తన వాసన ఉన్న పాత గుడ్డ ముక్క ఒకటి చాలా ధైర్యం. ప్రయాణం చెయ్యలేనంత జబ్బులో ఉంటే, బాధ లేకుండా సాగనంపే నిర్ణయం కూడా డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవలసిందే. దాన్ని పాపం అనుకునేవాళ్ళున్నారు. తిండి నమలలేక పదిహేను రోజులు మాడి పోవడం కంటే పాపమా అని అడుగుతాను నేను.

ఆ పెద్దాయనకి ఇదంతా చెప్తే కాసేపు ఊరుకుని, "అయితే మనకి ముసలిదాన్ని పెంచే యోగం లేదంటారు" అన్నారు. ఉందండీ, ఎందుకు లేదు? మీ వీధి చివర కొబ్బరి వలుపు కళ్ళం దగ్గర పడుకునే కుక్కకి పదేళ్ళుంటాయి. దాన్ని పెంచినవాళ్ళు పట్నం వెళ్ళిపోయారు. మూతి తెల్లబడింది, కన్ను మసకబారింది, కుర్ర కుక్కలు తిండి దగ్గరికి రానివ్వవు. అది ఈ వేడిలో పుట్టింది, ఈ తేమలో పెరిగింది, ఏసీ అడగదు. విశాఖపట్నంలో, హైదరాబాదులో 1990ల నుంచి జంతు సంరక్షణ సంఘాలు నడుస్తున్నాయి. వాళ్ళనడిగితే ముసలి కుక్కల్ని అడిగేవాళ్ళే లేరని చెప్తారు. చించిల్లాకి చెప్పిన పద్ధతే దీనికీ చాలావరకు వర్తిస్తుంది. పళ్ళు చూపించండి. మెత్తగా కలిపి పెట్టండి, ఉప్పూ కారం లేకుండా. నెలకోసారి తూచండి. వానాకాలం నేల చెమ్మ తగలకుండా అరుగు మీద గోనెపట్టా వేయండి, కీళ్ళ నొప్పికి అదే సగం మందు. పిచ్చికుక్క వ్యాధి టీకా ముందు వేయించండి, అది లేకుండా పిల్లల్ని దగ్గరికి పంపకండి. కుక్కకైనా, ముసలి ఆవుకైనా జబ్బు చేస్తే 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు సంగతి చెప్తారు. 2022 నుంచి మన రాష్ట్రంలో ఆ బళ్ళు తిరుగుతున్నాయి.

ఈ వేసవికి అమెరికా వెళ్తున్న అమ్మలకీ నాన్నలకీ చివరిగా ఒక మనవి. అక్కడ మీ అమ్మాయి ఇంట్లో ముసలి చించిల్లా ఉంటే, పొద్దున్నే పెంటికలు చూడండి, ఆదివారం బరువు తూచండి, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని ఏసీ కట్టేయకండి, ఎంత అడిగినా కొబ్బరి ముక్క పెట్టకండి. దాన్ని మాత్రం అమలాపురం తీసుకురాకండి.